జ్వరం తగ్గిన మధ్యాహ్నం

వేసవిలో భక్తవత్సలం పోయిన రోజున పొద్దున్నే జ్వరం తగ్గింది. ఆ మాట ఐ.సి.యు. తలుపు సగం తెరిచి నర్సు చెప్పింది, చెప్పి మళ్ళీ తలుపు వేసుకుంది. భార్య వినోదిని ఆ ఒక్క మాటా పట్టుకుని మెట్లు దిగింది. ఆసుపత్రి ఎదుట కాఫీ కొట్టు దగ్గర నిలబడి కాఫీ అడిగింది. చాలా రోజుల తరువాత నాలుకకు చక్కెర తెలిసింది. ఇంటికి తీసుకువెళ్ళాక ఏం వండాలి, పొట్లకాయ పెట్టవచ్చునా, మిరియాల చారు సయిస్తుందా అని కూడా అనుకుంది. గ్లాసు ఖాళీ కాకముందే పైనుంచి పిలుపు వచ్చింది. జ్వరం తగ్గిన మాట నిజమే. ఒంటికి కాగే శక్తి కూడా మిగలక తగ్గింది. చూలై పేటలో, లేత్ మిషన్లు తిరిగే సొంత పట్టడలో ఏళ్ళ తరబడి ఇనుము పట్టిన ఆ చేయి, ఆమె పట్టుకునేటప్పటికి ఇనుమంత చల్లగా ఉంది. జ్వరం రెండు రకాలుగా తగ్గుతుందని అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఎవరికీ వచ్చి ఉండదు.

అందుకే ఇవాళ మధ్యాహ్నం, వేరే ఆసుపత్రిలో, వేరే తలుపు తెరుచుకుని డాక్టర్ షీబా బయటికి వచ్చి "మీ అమ్మాయికి జ్వరం తగ్గింది మా" అని నవ్వినప్పుడు వినోదిని కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. షీబా వయసులో చిన్నది, కూతురు శరణ్య కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. కళ్ళ కింద నిద్ర లేని నలుపు. వ్యాసర్పాడి పిల్ల, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. ఆ సంగతి మొదటి రోజే చెప్పింది, వినోదిని తెలుగు టీచరని తెలిసి కాస్త సిగ్గుపడుతూ. రిపోర్టు వచ్చిందట. రక్తంలోనూ మూత్రంలోనూ పెరిగింది ఒకటే క్రిమి అట. మామూలుదేనట, పాత మందులకే లొంగుతుందట. కాబట్టి ఇప్పుడు వేస్తున్న పెద్ద ఇంజెక్షన్ ఆపేసి చిన్నదానికి మారుస్తారట, తరువాతి డోసుకు ముందే. వినోదిని తల అడ్డంగా ఊపింది. తరగతిలో పిల్లలు తప్పు చదువుతున్నప్పుడు ఊపినట్టు, ఆపమన్నట్టు. షీబా ఆమె ముఖంలోకి చూసి నవ్వు తగ్గించుకుంది. "సరి మా. నేను రౌండ్స్ ముగించుకొని వస్తా. అందాకా ఈడే కూర్చోండి. మీకు చెప్పకుండా మార్చను," అంది. ఆ మాట మర్యాదకు అన్నదో, జాలికి అన్నదో తెలియలేదు. తలుపు దానంతట అదే మెల్లగా మూసుకుంది.

తగ్గింది, ఆపేస్తాము. ఎంత తేలికగా అంటారు. శరణ్యకు ఐదో నెల. మొన్న సాయంత్రం నడుం పక్కన నొప్పిగా ఉందంది, మాత్ర ఏదీ వేసుకోనంది, కడుపులో బిడ్డకు మంచిది కాదని. కాసేపటికి ఒణుకు మొదలైంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. అల్లుడు దీపక్ ఆటోలో ఆమెను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంటే, వినోదిని ముందు సీటులో డ్రైవరు పక్కన ఒదిగి కూర్చుని, వెనక్కి తిరిగి చూడటానికి భయపడి, వాన పడుతున్న అద్దం వైపే చూస్తూ వచ్చింది. మూత్రపిండంలో చీము అన్నారు. భక్తవత్సలానికి కూడా అక్కడే మొదలైంది, చిన్న రాయి, దానిమీద చీము, చీము నుంచి రక్తంలోకి. అదే అవయవం, అదే ఒణుకు, ఇంటి పేరు లాగా తండ్రి నుంచి కూతురికి వచ్చినట్టు. ఆ సాయంత్రం క్యాజువాలిటీలో ఈ షీబా కోటు చెయ్యి పట్టుకుని, అన్నిటికంటే పెద్ద మందు వేయండి, వీళ్ళ నాన్న ఇట్లాగే పోయినారు అని అడిగింది. జీవితంలో ఎవరి చెయ్యీ అట్లా పట్టుకుని ఎరగదు. షీబా ఒక్క క్షణం చూసి, సరేనంది. వేశారు. ఒణుకు ఆగింది. పనిచేసింది. పనిచేస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా? మెట్ల మీద పడబోయిన మనిషిని పట్టుకున్న చెయ్యి, ఇక పడదులే అని నడిమెట్టు మీద వదిలేస్తుందా?

లిఫ్ట్ తమిళంలో తలుపులు మూసుకుంటున్నాయని చెబుతోంది, మూసుకోవడం లేదు. ఎవరో బండి అడ్డం పెట్టారు. నేల తుడిచిన ఫినాయిల్ వాసన, దాని కింద క్యాంటీన్ సాంబారు వాసన, ఈ రెండూ కలిస్తే వచ్చే ఆ మూడో వాసన వేసవి నుంచీ ఆమె చీరల్లోంచి పోలేదు. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, లేకపోతే అది చీరల్లో లేదేమో. గోడమీద టీవీలో మాటలు లేవు, బంగాళాఖాతం మీద తెల్లటి సుడి మాత్రం తిరుగుతోంది. వేసవిలో ఆమె మందుల పేర్లు కంఠస్థం చేసింది, పిల్లలకు పద్యం నేర్పే ముందు తాను నేర్చుకున్నట్టు. మొదటిది పని చేయలేదన్నారు, రెండోది వేశారు. రెండోది చూద్దామన్నారు, చూశారు. తరువాత మెరోపెనెం. ఆ పేరు పలుకుతుంటే పెద్దమనిషి పేరులాగా ధైర్యంగా ఉండేది. దాని తరువాత ఒకటి, మూత్రపిండాలకు దెబ్బే గానీ తప్పదన్నారు. ఒక్కో పేరు మారినప్పుడల్లా డాక్టర్ల గొంతు కొంచెం తగ్గేది. తరగతి గదిలో జవాబు తెలియని పిల్లవాడి గొంతు తగ్గినట్టు. ఆ పోలిక ఆమెకు అప్పుడే తట్టింది. తట్టినందుకు తనను తాను తిట్టుకుంది. పెద్ద డాక్టర్లు కదా, తెలియకపోవడం ఏమిటి? కానీ ఆ గొంతు ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా వింటున్న గొంతు అది. తెలియనప్పుడు పిల్లలు ఊహించి చెబుతారు. ఊహ తప్పితే మరొకటి. అది తప్పితే ఇంకొకటి. చివరికి నేల చూస్తారు.

చివరి రోజున నేల చూసింది సీతారామారావు. భక్తవత్సలానికి అన్న, ఆమెకు బావగారు. కోడంబాక్కంలో స్టేషను వెనక ఆయన నర్సింగ్‌హోము. సినిమా వాళ్ళంతా ఆయన దగ్గరికే వస్తారు, తెర మీద కనపడేవాళ్ళు కాదు, లైట్లు మోసేవాళ్ళు, మేకప్పు వాళ్ళు, మంటల్లోంచి దూకేవాళ్ళు. ఒక రోజు పనికి పోకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది వాళ్ళకు. జ్వరమైనా దగ్గైనా రేపటికి లేచి నిలబడాలి. ఆయన నిలబెట్టేవాడు. డాక్టరు చెయ్యి మంచిది అనేవాళ్ళు. ఆ చేతిలో ఎప్పుడూ ఒక సూది ఉండేది. ఆయన ఇంటికి వెళ్ళినవాళ్ళెవరూ వట్టి చేతుల్తో తిరిగి రారు. కొత్త కోడలికైనా, పక్కింటి ముసలామెకైనా వెళ్ళేటప్పుడు తాంబూలంలాగా ఒక మాత్రల అట్ట చేతిలో పెట్టేవాడు. గొంతు గరగర అన్నా, ప్రయాణం ఉందన్నా, పిల్లలకు పరీక్షలన్నా, వాన వచ్చేలా ఉందన్నా అంతే. మందుల కంపెనీల వాళ్ళు ఇచ్చిపోయిన అట్టలు ఆయన జేబులో గలగలలాడేవి. అందరిలోకీ తమ్ముడంటే ప్రాణం. భక్తవత్సలం తుమ్మితే చాలు, మర్నాడు పట్టడకు మనిషి చేత అట్ట పంపేవాడు. భక్తవత్సలం అందులో రెండు మింగి, బాగుందనిపిస్తే మిగతావి లేత్ మిషను పక్కన నూనె డబ్బా మీద పెట్టేవాడు. పనివాళ్ళలో ఎవరికి ఒళ్ళు నొప్పులైనా అక్కడినుంచే. అందరూ ఆయనను చల్లగా ఉండమనే దీవించారు. వినోదినీ అట్లాగే కోరుకుంది. ఆయన ప్రేమ అట్టల్లో వచ్చేది, ఏం చేస్తారు. వేసవిలో ఆ చివరి రోజున ఐ.సి.యు. బయట బల్లమీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "అన్నీ వాడేసినాం, వినోదినీ. ఇంకేం లేదు." అన్నీ అంటే ఏవి? ఎప్పటినుంచి? ఆమె అడగలేదు. అది అడిగే సమయం కాదు.

ఇవాళ పొద్దున ఆయన ఫోను చేశాడు. గొంతు పాతదే, ఖంగుమని ఉంది. రిపోర్టు వస్తే మందు తగ్గిద్దామంటారు, ఒప్పుకోవద్దు అని ముందే చెప్పాడు. ఆయనకు తెలుసు, ఈ ఆసుపత్రుల్లో ఇప్పుడు దానికొక కమిటీ ఉంటుందట, ఏ మందు ఎవరికి ఎన్నాళ్ళో వాళ్ళు చూస్తారట. "ఈ కాలం పిల్లకాయలు కంప్యూటరు చూసి వైద్యం చేస్తారమ్మా. నేను మొగాన్ని చూసి చేస్తా. మన బిడ్డకి పెద్ద మందే. నాకు చెప్పకుండా ఏమీ మార్చనీయొద్దు," అన్నాడు. సరే బావగారూ అంది. ఆయన మాటకు సరే అనడం తప్ప ఇంకో మాట ఆ ఇంట్లో ఎవరూ అని ఎరగరు. అన్నాక కాస్త ధైర్యం వచ్చింది కూడా. ఇద్దరు డాక్టర్లు, రెండు మాటలు. ఒకరు ఎత్తుకుని పెంచినవారు, ఒకరు మొన్న చూసిన పిల్ల. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఏముందని ఆలోచన ఇట్లా సుడి తిరుగుతోంది? షీబా వస్తే చెప్పేయాలి, మార్చవద్దని. చెప్పేస్తే అయిపోతుంది. చెప్పాక శరణ్యకు ఏమన్నా అయితే? చెప్పనందుకు ఏమన్నా అయితే? ఏది చెప్పినా దాని వెనక ఒక ఐ.సి.యు. తలుపు ఉంది.

భక్తవత్సలం ఒకసారి పట్టడలో పనివాడిని కేకలేశాడు. చాలా మెత్తని మనిషి, కేక వేయడం ఆమె చూసింది అదొక్కసారే. అన్నం డబ్బా తీసుకుని వెళ్ళింది ఆ రోజు. ఆ పనివాడు మొద్దుబారిన ఉలితోనే స్టీలు కడ్డీని తరుగుతున్నాడు, తరగడం లేదు, రాకుతోంది. రాకి రాకి పైన అద్దంలా మెరుపు వచ్చింది. ఇంక దీన్ని ఏ ఉలీ కొరకదు, కొత్తది పెట్టినా జారిపోతుంది, కోస్తే కొయ్యి లేకపోతే వదిలెయ్యి, రాకి గట్టిపరచొద్దు అని భక్తవత్సలం అరిచాడు. ఆ కడ్డీని మూలకు విసిరేశాడు. అది ఎందుకు గుర్తుకొచ్చింది ఇప్పుడు. నూనె వాసన, ఇనప రజను అంటిన అతని ముంజేతి వెంట్రుకలు, అన్నం డబ్బా అందుకుంటూ కేక వేసినందుకు సిగ్గుపడి నవ్విన నవ్వు. నూనె డబ్బా మీద సగం ఖాళీ అయిన అట్ట.

"ఏందక్కా, అట్ట గోడను జూస్తా ఉండావు? గోడ పడిపోతాదా?"

పక్క కుర్చీలో మునెమ్మ. నిన్నటినుంచీ ఆ కుర్చీ ఆమెదే. మొగుడు చిన్నసామి లోపల ఉన్నాడు. రైల్వే యార్డులో కూలి, కాలికి రేకు కోసుకుని చీము పట్టి, అక్కడా ఇక్కడా సూదులు వేయించుకుని చివరికి ఇక్కడికి వచ్చాడు. ఈమె చేతిసంచిలో ప్రపంచమంతా ఉంది, దువ్వెన, తమలపాకులు, ఏసు బొమ్మ ఉన్న క్యాలెండరు ముక్క, మురుకులు. నిన్న ఆమె మందులు మార్చిన వరస చెప్పింది, పేర్లు రావు గనక రంగుల్తో చెప్పింది, మొదట పసుప్పచ్చ సీసా, తరువాత తెల్లది, తరువాత ఇంకో తెల్లది, దానికి గొడుగులా నల్ల కాగితం కప్పినారని. వినోదిని వింటూ కూర్చుంది. ఆ వరస ఆమెకు తెలుసు. వరస చివర ఏముంటుందో కూడా తెలుసు. తెలిసిందని ముఖంలో కనపడకుండా మురుకు తీసుకుని నమిలింది. ఇప్పుడు మునెమ్మ హుషారుగా ఉంది. చీర మార్చుకుని వచ్చింది, తలలో కనకాంబరాలు కూడా ఉన్నాయి.

"మా ఆయనకి జొరం తగ్గిపోయిందక్కా. పొద్దున్నే చెప్పినారు," అంది.

కాఫీ గ్లాసు. చక్కెర రుచి. మెట్లు. ఈమెకు ఎట్లా చెప్పాలి, కనకాంబరాలు పెట్టుకున్న మనిషికి ఏమని చెప్పాలి? చెప్పకుండా ఉండటం ఎట్లా? వినోదిని నోరు తెరిచేటప్పటికి, "చేతులు చల్లగా ఉన్నాయా? కాళ్ళు పట్టుకుని చూశావా?" అన్న మాటలు వాటంతట అవే వచ్చేశాయి, గొంతు తనది కానట్టు ఉంది.

మునెమ్మ విడ్డూరంగా చూసింది. "ఏం చల్లగనో ఏమో. లోపలికి పోంగానే నా చెయ్యి పట్టుకొని పీకినాడు, ఇడ్లీ ఏదే అని. ఉప్పుమా పెడతా ఉండారంట ఈడ, అది వొద్దంట దొరకి. నిన్నటిదాకా చస్తా ఉన్నోడు, ఇయ్యాల ఇడ్లీకి తగువు. చేతులు పొయ్యిమాదిరి ఉండాయి, రెండు దెబ్బలేసేదానికి కూడా సరిపోతాయి," అని, తన మాటకు తానే నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నవ్వో ఏడుపో తెలియకుండా తుడుచుకుంది. పక్కన కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. వినోదినికి కూడా నవ్వు వచ్చింది, సగంలో ఆగిపోయింది. జ్వరం మామూలుగా కూడా తగ్గుతుంది. ఇడ్లీ కోసం తగువు పడేటట్టు కూడా తగ్గుతుంది. లోకంలో అందరికీ అట్లాగే తగ్గుతుంది గదా, తాను ఒక్క చేతిని పట్టుకుని మిగతా లోకాన్నంతా చల్లబరిచేసుకుంది. ఆమె లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. తలుపు దగ్గర కాపలా మనిషితో ఒక్క నిమిషమే అని తమిళంలో బతిమాలుకుని లోపలికి వెళ్ళింది.

శరణ్య నిద్రలో లేదు, కిటికీ వైపు చూస్తూ పడుకుని ఉంది. పొట్ట దుప్పటి కింద చిన్న గుట్టలా ఉంది. వినోదిని ముఖం వైపు పోలేదు, మంచం చివరికి పోయి దుప్పటి ఎత్తి పాదాలు పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి. కాలుతున్న వేడి కాదు, చల్లదనం కాదు, నిద్రలేచిన పసిపిల్ల పాదాల వెచ్చదనం. గోళ్ళు గులాబీగా ఉన్నాయి, చివర రంగు పెచ్చులూడి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. నొక్కితే తెల్లబడి, వదిలితే ఎర్రబడుతున్నాయి. "ఎన్నమ్మా, కిచ్చుకిచ్చు పెడతా ఉండావు," అంది శరణ్య, కాలు వెనక్కి లాక్కుని. కిచ్చుకిచ్చు తమిళం, చక్కిలిగింత అనాలి, అని మామూలు రోజుల్లో అయితే అనేది. ఇవాళ ఆ తప్పు కూడా చల్లగా చెవిలో పడింది. శరణ్య తల్లి ముఖం చూసింది. "నీ మొగం చూస్తే నాకే భయం వేస్తుందమ్మా. డాక్టర్ చెప్పింది గదా, బిడ్డ బాగుండాదంట, గుండె వినిపించినారు. గుర్రం పరుగెత్తినట్టు ఉండాది. ఆకలిగా కూడా ఉండాది," అని, ఆగి, మెల్లగా అంది: "మందు మారుస్తారంట. పెదనాన్న వొద్దన్నాడంట గదా. నువ్వేమి చెప్పినావు?" వినోదిని ఇంకా ఏమీ చెప్పలేదంది. శరణ్య కిటికీ వైపు తిరిగింది. "నాన్నకి అన్నీ పెద్దవే ఏసినారు గదా అమ్మా," అంది. నిందగా అనలేదు. పిల్లలు లెక్క సరిచూసుకునేటప్పుడు పైకి అనుకున్నట్టు అంది. కాపలా మనిషి తలుపు దగ్గరనుంచి పిలిచాడు.

మళ్ళీ కుర్చీ. మునెమ్మ ఇడ్లీల కోసం కిందికి పోయినట్టుంది, సంచి కుర్చీలో కాపలా ఉంది. మొన్న క్యాజువాలిటీలో ఈ షీబా ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడిగింది. ఇక్కడికి రాకముందు ఏమన్నా మందు ఇచ్చినారా? మాత్ర? సూది? ఎవరన్నా డాక్టరు చూసినారా? నిజం చెప్పండి మా, కోపం చేసుకోను. వినోదినికి ఒళ్ళు మండింది, పిల్ల ఒణికిపోతుంటే ఈ ప్రశ్నలేమిటని. లేదు, ఏమీ ఇవ్వలేదు, వీళ్ళ పెదనాన్న డాక్టరే గానీ కాంచీపురం పెళ్ళికి పోయినారు, ఫోను తగలలేదు అంది. అప్పుడు షీబా "మంచిది" అంది. మంచిదట. ఆ మాటకు చెంప మీద కొట్టాలనిపించింది. తరువాత రెండు చేతులనుంచీ రక్తం తీసి సీసాల్లో పోసుకుని, అది అయ్యాకే, నర్సు సూది పట్టుకుని నిలబడి ఉన్నా సరే అది అయ్యాకే, మందు ఎక్కించింది. ఎందుకు మంచిది? అక్కడినుంచి ఆలోచన ముందుకు పోవడానికి ఒప్పుకోవడం లేదు, గుమ్మం దగ్గర మొరాయించిన పిల్లలా నిలబడింది. వెనకనుంచి ఏదో తోస్తోంది. వేసవిలో భక్తవత్సలం రక్తం కూడా తీశారు. ఏమీ పెరగలేదన్నారు. ఏమీ పెరగలేదు, ఎంత మంచి వార్త అనుకున్నారో. తానే అందరికీ ఫోన్లు చేసి చెప్పింది, రక్తంలో ఏమీ లేదట, దేవుడు చల్లగా చూశాడు అని. రక్తంలో ఏమీ లేని మనిషి రక్తం చెడి ఎట్లా చనిపోయాడు? వేసవిలో ఒణుకు మొదలైన ఆ సాయంత్రం బావగారు కోడంబాక్కం నుంచి సొంతంగా కారు నడుపుకుంటూ వచ్చాడు, చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా. తమ్ముడి పక్కన మంచం మీద కూర్చుని, నుదురు నిమిరి, ఏం కాదురా అని, సంచిలోంచి తీసి తన చేత్తో ఇంజెక్షన్ వేశాడు, పెద్దదే వేశాను, ఇక భయం లేదు అన్నాడు. తరువాతే ఆసుపత్రికి బయలుదేరారు. తరువాతే రక్తం తీశారు. వద్దు. ఇది ఇక్కడ ఆపేయాలి. ఆయన కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి ఆ సూది వేస్తున్నప్పుడు. ఆ నీళ్ళు తాను చూసింది. మళ్ళీ అదే లిఫ్ట్, మూసుకోని తలుపులు, అదే ఆడగొంతు. మొన్న ఆ కాంచీపురం పెళ్ళే లేకపోతే. ఫోను తగిలి ఉంటే. ఆయన అదే కారులో, అదే సంచితో వచ్చి ఉంటే, తానే తలుపు తీసి, రండి బావగారూ, అనేది.

షీబా వచ్చి ఎదురుగా నిలబడలేదు, మునెమ్మ సంచిని పక్కకు జరిపి ఆ కుర్చీలో కూర్చుంది. వినోదిని, గొంతు మామూలుగా ఉండేటట్టు చూసుకుని, రక్తం తీయకముందే ఎవరన్నా మందు వేసి ఉంటే ఏమవుతుందని అడిగింది.

"ఏసుంటే పెరగకపోవచ్చు మా. క్రిమి ఉన్నా దాక్కుంటుంది, రిపోర్టులో రాదు. అప్పుడు దాని పేరు తెలీదు, దేనికి చస్తుందో తెలీదు. మేము కండ్లు మూసుకొని ఒకటి కాకపోతే ఒకటి ఏయాల్సిందే." చెబుతూ ఆమె వైపు తిరిగింది. "ఎవరికి మా?"

"ఊరికే అడిగాను."

షీబా అది నమ్మలేదు, కానీ వదిలేసింది. "దొరికినా కొన్నిసార్లు చేసేదేమీ ఉండదు మా. అది కూడా నిజమే," అంది. తరువాత తన చేతులకేసి చూసుకుంటూ చెప్పింది, మొన్న తాను కూడా భయపడే పెద్ద మందు రాసిందట, వినోదిని చెప్పింది విని. తప్పు కాదంట, తెలియనప్పుడు అట్లా మొదలుపెట్టవచ్చునంట. తెలిశాక కూడా అదే రాస్తూ పోతే తప్పంట. డాక్టర్లంతా భయంతోనే రాస్తారంట, పేషెంటుకు ఏమన్నా అయితే తక్కువ మందు వేశావని అడుగుతారు గానీ, ఎక్కువ వేశావని ఎవరూ అడగరు. "మొదలుపెట్టేదానికి ఎవరినీ అడగం మా. ఆపేదానికే నాకు కూడా చెయ్యి ఆడదు. పైన ల్యాబ్ డాక్టర్‌కి పొద్దున్నే రెండుసార్లు ఫోన్ చేసి అడిగినా, నిజంగా మార్చొచ్చా అని."

నీకే భయంగా ఉంటే నా బిడ్డను ఎట్లా అప్పజెప్పేది అని వినోదిని అనుకుంది. అనుకుంటూనే, జవాబు తెలియకపోతే గొంతు తగ్గించే డాక్టర్లను చూసింది గానీ, తెలియక అడిగానని చెప్పిన డాక్టరును ఇప్పుడే చూస్తున్నానని కూడా అనుకుంది. "పెద్దదే ఇంకో నాలుగు రోజులు వేస్తే నష్టమేమిటి?" అని అడిగింది. ఆ ప్రశ్న బావగారిది. గొంతు తనది.

"ఈ వార్డులోనే దానికి కూడా లొంగని క్రిములు ఉండాయి మా. నేను దాచను. మీ అమ్మాయి కడుపులో మంచివి కూడా ఉంటాయి, ఈ పెద్ద మందు వాటినంతా చంపేస్తుంది. ఆ జాగా ఖాళీ అయితే ఇవి వొచ్చి కూర్చుంటాయి. రేపు కాన్పు కష్టమై ఆపరేషన్ చేయాల్సి వస్తే, అప్పుడు జ్వరం వస్తే, నా చేతిలో ఏమీ ఉండదు. ఇప్పుడు ఉండాది. ఇప్పుడున్న క్రిమికి ఈ చిన్న మందు చాలు. చాలకపోతే వెంటనే తెలుస్తుంది, నేను ఈడే ఉంటా, మళ్ళీ పెద్దది ఏస్తా." ఆమె లేచి నిలబడింది. "మీ డాక్టర్‌గారితో నన్ను మాట్లాడమంటే మాట్లాడతా. కానీ డోసు టైమ్ అయిపోయింది మా."

అన్నీ వాడేసినాం. ఇంకేం లేదు. ఆ మాట ఆమె చెవిలో వేసవిలో ఎట్లా పడిందో అట్లాగే పడింది, అయితే ఈసారి దాని అంచు వేరే వైపు ఉంది. ఇంకా ఉంది అని చెబుతున్నారు ఎవరో. ఉన్నదాన్ని ఉంచుదామంటున్నారు. ఆమెకు ధైర్యం రాలేదు. ధైర్యం వచ్చాక ఒప్పుకుందామని చాలాసేపు చూసింది, అది రాదని తెలిసింది.

"మార్చండి," అంది.

లోపల నర్సు పెద్ద సీసా తీసి పక్కన పెట్టింది, చిన్న సీసాలోని తెల్లటి పొడి నీళ్ళలో కరిగించి వేలాడదీసింది. వినోదినిని ఈసారి లోపల ఉండనిచ్చారు. చుక్క ఆగుతుంది, పడుతుంది, ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ ఆమె ఊపిరి ఆగింది. శరణ్య ఉప్మా తింటూ ఇడ్లీ అడిగితే బాగుండేదంది. బయట వాన మళ్ళీ పట్టుకుంది, కింద రోడ్డు మీద ఆటోలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. షీబా వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, తల ఊపి, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. ఈ మందు పని చేస్తున్నదీ లేనిదీ రేపటికి గానీ తెలియదట.

వినోదిని బ్యాగులోంచి ఫోను తీసింది. బావగారు రెండుసార్లు చేశారు. సాయంత్రం తానే వస్తానని మెసేజి కూడా పెట్టారు. మందు మార్చిన సంగతి ఆయనకు చెప్పాలి. వేసవిలో ఇంట్లో తమ్ముడికి వేసిన ఇంజెక్షన్ గురించి ఆయననే అడగాలి. రెండూ ఇంకా చేయలేదు.